దేశమూ కాలమూ – ఎక్కడి సూర్యుడు అక్కడికి సాక్షి



ఏ పూజకు కూర్చున్నా, ఏ వ్రతం పట్టినా, పితృదేవతలకు తిలోదకం విడిచినా మనం మొట్టమొదట చేసేది సంకల్పం. ఆ సంకల్పంలో మన కోరిక విన్నవించుకోవడానికి ముందే రెండు విషయాలు చెప్పుకొంటాము. ఎప్పుడు ఉన్నామో చెప్పుకొంటాము. ఎక్కడ ఉన్నామో చెప్పుకొంటాము. శ్వేతవరాహ కల్పం మొదలుకొని నేటి తిథి వార నక్షత్రాల వరకు కాలాన్ని, జంబూద్వీపం మొదలుకొని మన యింటి గడప వరకు దేశాన్ని స్మరించిన పిమ్మటనే గోత్రనామాలు వస్తాయి. దేశకాల సంకీర్తనం లేని కర్మ చిరునామా వ్రాయని ఉత్తరం వంటిది.

పూర్వం ఈ సంకల్పంలో చిక్కు లేదు. పుట్టిన ఊరిలోనే పెరిగి, ఆ ఊరి చెరువులోనే స్నానం చేసి, ఆ ఊరి సిద్ధాంతిగారు చెప్పిన తిథికే తద్దినం పెట్టుకొనేవారు. నేడు మన బిడ్డలు దేశదేశాల్లో ఉన్నారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండులో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. మారిషస్‌లో మన తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. ఫిజీ దీవులకు 1879 నుండి మన దేశపు కూలీలను తీసుకొనిపోయారు. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. వీరందరి నుండీ తరచుగా వినవచ్చే ప్రశ్నలు రెండు.

మొదటిది: "ఏకాదశి మీకు గురువారం అంటున్నారు, ఇక్కడి ఆలయం వారు బుధవారం అంటున్నారు. ఏది నిజం?" రెండవది మరింత బరువైనది: "మా అన్నగారు అక్కడ తండ్రిగారి ఆబ్దికం పెట్టిన తారీఖున నేను ఇక్కడ పెట్టలేదు. మా తండ్రిగారికి నా పిండం అందినట్లేనా?" ఈ రెండవ ప్రశ్నలో పంచాంగపు సందేహం కన్న గుండెకోత ఎక్కువ. అందుచేత గడియారాల సంగతిని కొంచెం ఓపికగా విచారించి, శాస్త్రసమ్మతమైన సమాధానం చెప్పుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

గడియారం మనిషి చేసుకొన్న ఒప్పందం

సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు మధ్యాహ్నం. ఇది ప్రకృతి చెప్పే కాలం. భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతున్నది గనుక తూర్పున ఉన్నవారికి ముందుగా, పడమట ఉన్నవారికి ఆలస్యంగా మధ్యాహ్నం అవుతుంది. ఒక్కొక్క రేఖాంశానికి 4 నిమిషాల తేడా. మన తెలుగునాటనే చూడండి. అరసవల్లిలో సూర్యనారాయణస్వామికి మధ్యాహ్నమైన సుమారు ఇరవై నిమిషాలకు గాని హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి రాడు. దేశం మొత్తం మీద చూస్తే అరుణాచల ప్రదేశంలోని డాంగ్ గ్రామానికీ శ్రీకృష్ణుని ద్వారకకూ మధ్య ఈ తేడా రెండు గంటలకు చేరువగా ఉంటుంది.

రైళ్ళు, తంతివార్తలు వచ్చేదాకా ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. రైలు వచ్చాక ఊరికొక కాలమైతే బండ్లు నడవవు. మన దేశంలో రైళ్ళు చాలాకాలం మద్రాసు నక్షత్రశాల కాలాన్ని అనుసరించాయి. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖను సున్నా రేఖగా అంగీకరించారు. 1906 జనవరి 1 నుండి మన దేశానికి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రామాణికమైనది. గ్రీనిచ్ కన్న మనం 5½ గంటలు ముందుండడం ఈ విధంగా వచ్చినదే.

ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూరు ప్రాంతం మీదుగా, వింధ్యవాసిని అమ్మవారి క్షేత్రాన్ని ఒరుసుకొంటూ పోతుంది. దక్షిణాన మన అన్నవరానికీ తునికీ నడుమ సాగి సముద్రంలో దిగుతుంది. సత్యదేవుని కొండమీద ఉన్న నీడ గడియారాన్ని భక్తులు చాలామంది చూచి ఉంటారు. అన్నవరపు స్థానిక కాలానికీ దేశమంతటి చేతి గడియారాలకూ రేఖాంశం వల్ల వచ్చే భేదం అర నిమిషమైనా ఉండదు. అయినప్పటికీ నవంబరు మొదట్లో ఆ నీడ మన గడియారం కన్న సుమారు 16 నిమిషాలు ముందుంటుంది. ఫిబ్రవరి నడుమ సుమారు 14 నిమిషాలు వెనుకబడుతుంది. భూమి సూర్యుని చుట్టూ తిరిగే వేగం ఏడాది పొడుగునా సమంగా లేకపోవడమూ, దాని ఇరుసు వాలి ఉండడమూ ఇందుకు కారణాలు. గడియారం చూపేది సగటు. నీడ చూపేది నిజం.

ఈ ఒప్పందాన్ని అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కలకత్తా 1948 వరకు, బొంబాయి నగరపాలక సంస్థ 1955 వరకు తమ పాత కాలాన్ని వదలలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 నుండి 1945 వరకు దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. ఆ సంవత్సరాల్లో పుట్టినవారి జాతకం వేసేటప్పుడు దైవజ్ఞులు ఒక గంట తీసివేయడం అందుకే. సూర్యుడు జరగలేదు, గ్రహాలు జరగలేదు. ముల్లు మాత్రమే జరిగింది.

లోకంలోని వింతలు

ముల్లు ఎంత సులభంగా జరుగుతుందో మరికొన్ని దేశాలను చూస్తే తెలుస్తుంది.

మన పొరుగున నేపాళం గౌరీశంకర శిఖరం మీదుగా పోయే రేఖను 1986లో ప్రమాణంగా గైకొన్నది. అందువలన మన సరిహద్దు దాటి పశుపతినాథుని దర్శనానికి వెళ్ళే యాత్రికుడు గడియారాన్ని సరిగ్గా 15 నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. చైనా అంత విశాలమైన దేశమైనా 1949 నుండి బీజింగు కాలం ఒక్కటే అధికారికం. తత్ఫలితంగా పడమటి కొనన ఉన్న కాష్గర్ పట్టణంలో చలికాలంలో ఉదయం పది గంటలు దాటాక గాని సూర్యోదయం కాదు. అక్కడి నుండి ఆఫ్ఘనిస్తాను సరిహద్దు దాటితే గడియారం ఒక్క అడుగులో 3½ గంటలు వెనుకకు పోతుంది. వెనెజులా 2007లో అరగంట వెనుకకు జరిగి 2016లో తిరిగి వచ్చింది. ఉత్తర కొరియా 2015లో అరగంట మార్చుకొని 2018లో మరల సరిచేసుకొన్నది. అమెరికాలో చాలా ప్రాంతాల్లో ప్రతి యేటా మార్చి రెండవ ఆదివారం నాడు గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం నాడు గంట వెనుకకు జరుపుతారు.

ఇవి గంటల వింతలు. దినాలకే వింత జరిగే చోటు పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నది. తూర్పుగా పోతూ గంటలు కలుపుకొంటూ, పడమరగా పోతూ గంటలు తీసుకొంటూ వెళ్ళిన ఇద్దరు భూమికి ఆవలి వైపున కలిసేసరికి వారి మధ్య ఒక దినం తేడా వచ్చితీరుతుంది. భూమిని మొదటిసారి చుట్టివచ్చిన మెగెలాన్ నావికులలో మిగిలినవారు 1522 జూలైలో కేప్ వెర్డీ దీవుల వద్ద ఆగినప్పుడు వారి లెక్కలో బుధవారం. ఒడ్డున ఉన్నవారికి గురువారం. ఒక్కరోజు కూడా విడువక దినచర్య వ్రాసుకొన్నవారు ఆశ్చర్యపోయారు. ఎవరూ తప్పు వ్రాయలేదు. పడమరగా భూమిని చుట్టినందున వారికి ఒక సూర్యోదయం తగ్గింది, అంతే.

ఈ తేడాను ఎక్కడో ఒకచోట సరిచేయాలి గనుక అంతర్జాతీయ దినరేఖ అనే ఊహారేఖను సముద్రం నడుమ ఉంచారు. ఆ రేఖ కూడా దేశాల అవసరాలను బట్టి వంకరలు పోతుంది. 1995 ఆరంభంలో కిరిబాతి దేశం తన తూర్పు దీవులను కూడా రేఖకు ఇటువైపు చేర్చుకొన్నది. హవాయి దీవుల్లో ఉదయం ఆరైతే, వాటికి దక్షిణాన ఉన్న కిరిబాతి వారి లైన్ దీవుల్లో కూడా ఉదయం ఆరే. సూర్యుడు ఒక్కడే, గంట ఒక్కటే. తేదీ మాత్రం మరునాటిది. సమోవా దేశం 1892లో అమెరికా వైపు తేదీకి మారుతూ జూలై 4వ తేదీని రెండుసార్లు జరుపుకొన్నది. మరల 2011లో ఆస్ట్రేలియా, న్యూజిలాండులతో వ్యాపారం కోసం ఇటువైపు మారుతూ డిసెంబరు 30వ తేదీని, శుక్రవారాన్ని పూర్తిగా వదలివేసింది. గురువారం రాత్రి పడుకొన్నవారు శనివారం నాడు నిద్రలేచారు.

అప్పుడు ఆ దీవిలో ఏడవ దినాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవ శాఖవారికి గొప్ప చిక్కు వచ్చింది. ప్రభుత్వం శనివారమన్న రోజే నిజమైన ఏడవ దినమని కొందరు, పాత లెక్క ప్రకారం ఇప్పుడు ఆదివారమన్న రోజే ఏడవ దినమని మరికొందరు అభిప్రాయపడ్డారు. ఒకే గ్రంథం, ఒకే విశ్వాసం. కాని ఆరాధన దినాలు రెండైనాయి. వారిని చూచి మనం నవ్వరాదు. భగవంతునికి ఇవ్వవలసిన రోజు తప్పిపోతుందేమోనన్న వారి దిగులూ, ఇందాక మనం చెప్పుకొన్న మన బిడ్డల దిగులూ ఒక్కటే.

వారము లెక్క, తిథి దృశ్యం

ఇక్కడ మన పంచాంగం గొప్పతనాన్ని గమనించాలి. పంచాంగమంటే తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము. ఈ అయిదింటిలో నాలుగు ఆకాశాన్ని చూచి నిర్ణయింపబడేవి. చంద్రుడు సూర్యుని నుండి 12 డిగ్రీలు ఎడమైతే ఒక తిథి పూర్తి అవుతుంది. దానిని ఏ ప్రభుత్వమూ మార్చలేదు, ఏ దినరేఖా తుంచలేదు. సమోవాలో శుక్రవారం లోపించింది గాని తిథి లోపించలేదు. వారము ఒక్కటే ఆకాశంలో కనిపించని అంగం. అది మనం లెక్కించుకొంటూ వచ్చినది.

మన సిద్ధాంత గ్రంథకర్తలకు ఈ విషయం చక్కగా తెలుసు. సా.శ. 499 నాటి లెక్కలు చెప్పిన ఆర్యభటుడు లంకలో సూర్యోదయమైనప్పుడు యవకోటిలో మధ్యాహ్నమనీ, సిద్ధపురంలో అస్తమయమనీ, రోమకంలో అర్ధరాత్రి అనీ వివరించాడు. సూర్యసిద్ధాంతం కూడా ఈ నాలుగు పురాలను భూమధ్యరేఖ మీద సమదూరాల్లో నిలిపి ఇదే చెప్పింది. లంక నుండి ఉజ్జయిని మీదుగా మేరువుకు పోయే రేఖను మధ్యరేఖగా పెట్టుకొని, దానికి తూర్పు పడమరలుగా ఉన్న ఊళ్ళకు దేశాంతర సంస్కారం చేయాలని శాసించారు. దినం అర్ధరాత్రి మొదలౌతుందా, సూర్యోదయాన మొదలౌతుందా, ఎవరి సూర్యోదయాన అనే మతభేదాలను వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో పేర్కొన్నాడు. గ్రీనిచ్ ఒప్పందానికి వెయ్యేళ్ళకు ముందే ఈ ప్రశ్న మన పూర్వులకు ఎదురైనది.

మేరువుపై దేవతలకు ఆరునెలలు పగలు, ఆరునెలలు రాత్రి అని మనం పురాణాల్లో వింటాము. ఉత్తర ధ్రువం వద్ద నేటికీ కనిపించే దృశ్యం అదే. ధ్రువానికి ఎంతో దక్షిణంగా ఉన్న నార్వే దేశపు ట్రోమ్సో పట్టణంలో సైతం వేసవిలో సుమారు రెండు నెలలు సూర్యుడు అస్తమించడు.

మన పాత పంచాంగాల్లో తిథి అంతాన్ని గడియలు, విఘడియలలో ఇచ్చేవారు. గడియ అంటే 24 నిమిషాలు. దినానికి 60 గడియలు. ఆ గడియల లెక్క ఆ ఊరి సూర్యోదయం నుండి ప్రారంభమౌతుంది. అనగా పంచాంగం ఒక ఊరికి గణించినది. వేరొక ఊరివారు దేశాంతరం కూడుకోవడమో, తీసివేసుకోవడమో చేయాలి. నేడు గంటలు నిమిషాలు అచ్చువేయడం వల్ల ఒకే పుస్తకం ప్రపంచమంతటికీ చెల్లుతుందన్న భ్రమ కలుగుతున్నది.

ఆచరణలో నిర్ణయం

ఇక ప్రశ్నలకు వద్దాము. సూత్రం ఒక్కటే. తిథి ఆరంభమూ అంతమూ భూమి మీద అందరికీ ఒకే క్షణంలో జరుగుతాయి. సూర్యోదయం, మధ్యాహ్నం, అపరాహ్ణం, ప్రదోషం, అర్ధరాత్రి మాత్రం ఎవరి ఊరికి వారివి. శాస్త్రం ఏ వేళకు తిథి ఉండాలని చెప్పినదో ఆ వేళను కర్త నిలిచియున్న చోటనే చూడాలి.

ఏకాదశికి ఉదాహరణ తీసుకొందాము. చలికాలంలో పిట్స్‌బర్గు నగరం మనకన్న 10½ గంటలు వెనుక. మన దేశంలో బుధవారం ఉదయం 8 గంటలకు ఏకాదశి వచ్చి గురువారం ఉదయం 8½ వరకు ఉన్నదనుకొందాము. మనకు గురువారం సూర్యోదయాన ఏకాదశి ఉన్నది, ఉపవాసం గురువారం. పిట్స్‌బర్గులో అదే ఏకాదశి మంగళవారం రాత్రి 9½కు వచ్చి బుధవారం రాత్రి 10 గంటలకు పోయింది. అక్కడ బుధవారం సూర్యోదయాన ఏకాదశి, ఉపవాసం బుధవారం. ఇక్కడి క్యాలెండరు గోడకు తగిలించుకొని గురువారం ఉపవసించినవారు ఏకాదశి నాడు భుజించి, పారణ చేయవలసిన ద్వాదశి నాడు పస్తున్నవారౌతారు. కనుక అక్కడి ఆలయం వారు చెప్పిన బుధవారమే అక్కడివారికి నిజం; మన గురువారం మనకు నిజం.

ఆబ్దికం సంగతి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాల్గవది అపరాహ్ణం. ప్రత్యాబ్దికానికి ఆ వేళకు తిథి ఉండాలి. తండ్రి మరణించిన తిథి మన దేశంలో బుధవారం సాయంకాలం 7 నుండి గురువారం సాయంకాలం 7½ వరకు ఉన్నదనుకొందాము. అన్న ఇక్కడ గురువారం మధ్యాహ్నం 2 గంటలకు పిండప్రదానం చేశాడు. తమ్మునికి ఆ తిథి బుధవారం ఉదయం 8½కు వచ్చి గురువారం ఉదయం 9కి పోయింది గనుక బుధవారం మధ్యాహ్నం 2 గంటలకు చేశాడు. తారీఖులు వేరు, వారాలు వేరు. కాని తమ్ముడు చేసిన క్షణంలో మనకు బుధవారం రాత్రి గడచి 12½ అయినది. ఇద్దరి పిండాలూ ఒకే తిథి గర్భంలో పడినవే. తమ్ముడు అన్నగారి తారీఖు కోసం గురువారం దాకా ఆగి ఉంటే తిథి దాటిపోయేది. అందుచేత ఆ బిడ్డకు మేము చెప్పే మాట ఇది: నాయనా, నీ పిండం అందినది. నీ తండ్రి తిథిని నీవు తప్పలేదు. తేదీ మాత్రమే వేరైనది. పితృదేవతలు తేదీని చూడరు, తిథిని చూస్తారు. తిథి కన్న ముందు నీ శ్రద్ధను చూస్తారు. శ్రద్ధతో చేసేది గనుకనే దానికి శ్రాద్ధమని పేరు.

గ్రహణ నియమాలకూ ఇదే న్యాయం. 2024 ఏప్రిల్ 8న అమెరికాలో సూర్యగ్రహణం పట్టింది. సూర్యచంద్రులు కూడిన క్షణం పిట్స్‌బర్గులో మధ్యాహ్నం 2 గంటల 21 నిమిషాలు. మనకు రాత్రి 11 గంటల 51 నిమిషాలు. అక్కడివారికి కంటికి కనిపించింది గనుక పట్టు స్నానం, విడుపు స్నానం, జపం అన్నీ వారికి విధి. మనకు సూర్యుడే లేడు గనుక ఏ నియమమూ లేదు. మరునాడు సూర్యోదయాన రెండు చోట్లా చైత్ర శుద్ధ పాడ్యమియే ఉన్నందున క్రోధి నామ సంవత్సర ఉగాదిని ఇరువురూ ఒకే తారీఖున, ఏప్రిల్ 9న జరుపుకొన్నారు. ఒకప్పుడు కలుస్తాయి, ఒకప్పుడు వేరౌతాయి. రెండింటికీ సూత్రం ఒక్కటే.

భద్రాద్రిలో సీతారాముల కల్యాణం అభిజిల్లగ్నంలో జరుగుతున్నప్పుడు పిట్స్‌బర్గులో తెల్లవారుజాము 2½. ఆ వేళ మేలుకొని దూరదర్శన ప్రసారాన్ని కన్నులారా చూడడం పుణ్యమే. కాని యింటి పూజ మాత్రం అక్కడి మధ్యాహ్నానికి చేసుకోవలసినది.

రాహుకాలం సోమవారం ఏడున్నర నుండి తొమ్మిది అని కంఠస్థం చేసినవారు అనేకులు. సూర్యుడు ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమించే రోజుకు ఆ లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేయగా సోమవారం నాడు రెండవ భాగం రాహుకాలం. పిట్స్‌బర్గులో జూన్ నెలలో ఒక్కొక్క భాగం సుమారు 1 గంట 53 నిమిషాలు. డిసెంబరులో సుమారు 1 గంట 10 నిమిషాలు. కనుక అక్కడి ఉదయాస్తమయాలను బట్టి భాగించుకోవాలి.

ఇక శనివార వ్రతం పట్టినవారు శుక్రవారం రాత్రి అమెరికా పడమటి తీరాన విమానమెక్కి ఆదివారం నాడు ఫిజీలోనో, సిడ్నీలోనో దిగితే వారికి శనివారమే ఉండదు. వారము లెక్కకు సంబంధించినదని చెప్పుకొన్నాము గదా! లేని రోజుకు లోపం లేదు. విమానంలోనే స్వామిని స్మరించి, వచ్చే శనివారం యథావిధిగా చేసుకొంటే చాలును.

విదేశాల్లోని కొందరు పురోహితులు సంకల్పంలో జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని, రమణక వర్షమని చెప్పి, అక్కడి నదుల పేర్లు కలుపుతున్నారు. దీనిని చూచి కొత్త ఆచారమని ఆక్షేపింపనక్కరలేదు. ఉన్నచోటును ఉన్నట్లు చెప్పుకోవడమే సంకల్పం ఉద్దేశం.

సోదర సోదరీమణులారా! భగవానుడు తాను కాలస్వరూపుడనని గీతలో అర్జునునికి తెలియజేశాడు. గడియారాలు అనేకం, కాలం ఒక్కటి; ఉదయాలు అనేకం, సూర్యుడు ఒక్కడు. భూమి తిరుగుతున్నంతసేపూ ఎక్కడో ఒకచోట తెల్లవారుతూనే ఉంటుంది. మన ఊరిలో సాయంసంధ్య వార్చి లేచేవేళకు మరొక దేశంలో మన బిడ్డ ప్రాతఃసంధ్యకు నీళ్ళు ముట్టుకొంటున్నాడు. ఆ విధంగా ఇరవైనాలుగు గంటలూ ఆ స్వామికి ఎక్కడో ఒకచోట అర్ఘ్యం అందుతూనే ఉన్నది. దూరాన ఉన్న బిడ్డల తేదీ మన తేదీతో కలవలేదని వారిని నిందింపక, అక్కడి సూర్యోదయానికి గణించిన పంచాంగాన్ని వారికి చూపి, ధైర్యం చెప్పి, ఆచారాన్ని నిలుపుకొనేటట్లు చేయడం పెద్దలమైన మన విధి.

ఆ కాలపురుషుడు మన అందరి సంకల్పాలను సఫలం చేయుగాక!

స్వస్తి.